మే నెల ఎండల్లో గుడ్డు లేని పుట్టినరోజు కేక్: మధ్యలో కుంగుతోంది, క్రీమ్ నిలవట్లేదు

పటమట_అమ్మ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మే మూడో వారంలో మా పాప మూడో పుట్టినరోజు. విజయవాడలో, ఇంట్లోనే, శనివారం సాయంత్రం 6 గంటలకి. పెద్దవాళ్లు 18 మంది, పిల్లలు 12 మంది. పిల్లలంతా 2 నుంచి 6 ఏళ్ల లోపు వాళ్లే. అత్తయ్యగారి వైపు వాళ్లు గుడ్డు ముట్టరు, అందుకని ఎగ్‌లెస్ కేకే చెయ్యాలి. వచ్చే పిల్లల్లో ఒక బాబుకి వేరుశెనగ పడదు.

ఇంట్లో 28 లీటర్ల ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్, ఫ్యాన్ లేనిది), హ్యాండ్ బీటర్, 7 అంగుళాల గుండ్రటి టిన్ను ఒకటి ఉన్నాయి. ఏసీ ఒక్క పడగ్గదిలోనే. కేక్ కోసేది మాత్రం హాల్లో.

ప్రస్తుతం వాడుతున్న కొలత: మైదా కప్పున్నర, పెరుగు కప్పు, పంచదార ముప్పావు కప్పు, నూనె అర కప్పు, బేకింగ్ పౌడర్ టీ స్పూనున్నర, వంట సోడా ముప్పావు టీ స్పూను, వెనిల్లా. అన్నీ కలిపి బీటర్‌తో బాగా కొట్టి, 200 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు పెడుతున్నాను. పైన పగిలి గోపురంలా లేస్తుంది, బయటికి తీశాక మధ్యలో కుంగుతుంది. అడుగున అర అంగుళం మేర ముద్దగా ఉంటోంది. కాస్త సబ్బు రుచి కూడా తగులుతోంది. క్రీమ్ కోసం అమూల్ ఫ్రెష్ క్రీమ్ ఎంత కొట్టినా గట్టిపడట్లేదు.

ఎక్కడ మార్చాలి? 30 మందికి ఎంత చెయ్యాలి? హాల్లో ఆ ఎండకి క్రీమ్ ఆగుతుందా?

---

తూకంరాళ్లు

మీ కొలతలో పెద్ద తప్పు లేదండీ. సోడా ఎక్కువ, వేడి ఎక్కువ, కొట్టడం ఎక్కువ. మీరు చెప్పిన నాలుగు లక్షణాలకీ కారణం ఆ మూడే.

ముందు కప్పులు పక్కన పెట్టి తూకం యంత్రం వాడండి. కప్పు మైదా నొక్కి తీస్తే 150 గ్రాములు, జల్లించి తీస్తే 120 గ్రాములు వస్తుంది. కప్పున్నరలో ఆ తేడాయే 45 గ్రాములు. 7 అంగుళాల టిన్నుకి ఇది సరిపోతుంది:

మైదా 190 గ్రాములు, పెరుగు 250 గ్రాములు, పంచదార 160 గ్రాములు, పొద్దుతిరుగుడు నూనె 120 మి.లీ., బేకింగ్ పౌడర్ 1 టీ స్పూను, వంట సోడా అర టీ స్పూను, వెనిల్లా 1 టీ స్పూను, చిటికెడు ఉప్పు. పిండి మరీ గట్టిగా అనిపిస్తే పాలు 2 నుంచి 3 టేబుల్ స్పూన్లు.

సబ్బు రుచి ఎందుకంటే, సోడాకి విరుగుడు పెరుగులోని పులుపే. సోడా మిగిలిపోతే ఆ రుచి వస్తుంది. మామూలుగా తోడుకున్న 250 గ్రాముల పెరుగులో ఉండే పులుపు సుమారు అర టీ స్పూను సోడాకి సరిపోతుంది, ముప్పావుకి చాలదు. పెరుగు బాగా తియ్యగా, అప్పుడే తోడుకున్నదైతే 1 టీ స్పూను నిమ్మరసం చేర్చండి. మే నెలలో పెరుగు మధ్యాహ్నానికే పులిసిపోతుంది కాబట్టి రాత్రి తోడేసి, తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టండి. కలిపే ముందు ఓ అరగంట బయట ఉంచితే చాలు. పైన తేరిన నీళ్లు వంచెయ్యండి. అడుగు ముద్దకి ఆ నీళ్లు కూడా ఒక కారణం.

పెరుగులో సోడా, బేకింగ్ పౌడర్ వేసి 5 నిమిషాలు నురగ రానిచ్చే పద్ధతి వీడియోల్లో కనిపిస్తుంది. చూడ్డానికి బాగుంటుంది కానీ ఓవెన్‌లో పనికి రావాల్సిన గాలి గిన్నెలోనే పోతుంది. దానికంటే మైదా, సోడా, బేకింగ్ పౌడర్, ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించండి. ఇంకో గిన్నెలో పెరుగు, పంచదార కలిపి పలుకు కరిగేదాకా తిప్పి, నూనె, వెనిల్లా వేసి చిక్కటి మజ్జిగలా అయ్యేదాకా కొట్టండి. బీటర్ పని అక్కడితో సరి. మైదా వేశాక గరిటెతో అడుగు నుంచి పైకి తిప్పుతూ మడవాలంతే. 30, 40 సార్లకి మించి తిప్పొద్దు. చిన్న చిన్న ఉండలు మిగిలితే మిగలనివ్వండి. మైదా తడిలో బీటర్ తిరిగిన కొద్దీ సాగుడు వస్తుంది, అదే మీకు ముద్దలా తగులుతోంది.

టిన్ను అడుగున బటర్ పేపర్, పక్కలకి పల్చగా నూనె. పిండి సగం నుంచి మూడింట రెండు వంతుల దాకానే పోయాలి. ఓటీజీ రెండు రాడ్లూ వెలిగేలా పెట్టి, 175 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఖాళీగా వేడెక్కనివ్వండి. లైటు ఆరగానే లోపలంతా వేడెక్కిందనుకోకండి, గోడలు వేడెక్కడానికి టైం పడుతుంది. 3 అంగుళాల ఎత్తున్న టిన్నుని నడిమి అరలో పెడితే దాని పై అంచు పై రాడ్డుకి దగ్గరైపోతుంది. అందుకే కింది అరలో పెట్టి, టిన్ను నడుము ఓవెన్ నడుముకి వచ్చేలా చూసుకోండి. 200 డిగ్రీల్లో పైభాగం ముందే గట్టిపడుతుంది, లోపలి పిండి తర్వాత పొంగి దాన్ని చీలుస్తుంది. మధ్యభాగం ఉడక్కుండానే బయటికి తీస్తే కుంగక ఏం చేస్తుంది!

35 నుంచి 40 నిమిషాలు పడుతుంది. మొదటి 25 నిమిషాలు తలుపు తియ్యొద్దు. పైన రంగు తొందరగా వస్తోందనిపిస్తే 25 దాటాక ఫాయిల్ కప్పండి. పుల్ల మధ్యలో గుచ్చితే పొడిగా రావాలి, అంచులు టిన్నుని వదలాలి, వేలితో నొక్కితే తిరిగి లేవాలి. మూడూ చూడండి, పుల్ల ఒక్కటే నమ్మొద్దు. ఓటీజీ ముల్లు 10, 20 డిగ్రీలు అటూ ఇటూ చూపించడం మామూలే, ఓవెన్ థర్మామీటర్ ఒకటి లోపల వేలాడదీస్తే సందేహం తీరిపోతుంది.

టిన్నులో 15 నిమిషాలు, తర్వాత జాలీ మీద 2 గంటలు ఆరనిచ్చి, క్లింగ్ ఫిల్మ్ చుట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. గుడ్డు లేని కేక్ వేడి మీద పొరలుగా కోస్తే పొడిపొడి అవుతుంది. నూనెతో చేసింది కాబట్టి ఫ్రిజ్‌లో బిగుసుకోదు. వెన్నతో చేసిన కేక్ ఆ పని చేస్తుంది.

30 మంది లెక్క: పై కొలతకి క్రీమ్‌తో కలిపి దాదాపు 1.2 కిలోల కేక్ వస్తుంది. దాన్ని 1 అంగుళం వెడల్పు, 2 అంగుళాల పొడవు ముక్కలుగా కోస్తే 18 దాకా వస్తాయి, పెద్దవాళ్లకి చాలు. పిల్లలకి ఇదే కొలతతో కప్ కేకులు చెయ్యండి, 12 వస్తాయి. ఇంకోసారి చేస్తే మళ్లీ అడిగేవాళ్లకి కూడా ఉంటాయి. కప్ కేకులకి 175లోనే 18 నుంచి 20 నిమిషాలు. ట్రేకి 6 గుంతలే ఉంటే పిండి సగం సగంగా కలపండి. సోడా తడిసిన పిండి 20 నిమిషాలు గట్టు మీద ఆగితే రెండో విడత కప్పులు పొంగవు. పొడి మిశ్రమాలు ముందే వేర్వేరు గిన్నెల్లో జల్లించి పెట్టుకుని, ఓవెన్ ఖాళీ అయినప్పుడు తడిది కలపండి.

---

వెన్నపూస

స్పాంజి సంగతి పైన పూర్తయింది, నేను క్రీమ్ వరకే చెప్తాను.

ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతమే. గాలిని పట్టి నిలబెట్టాలంటే 30 పైన ఉండాలి, 35 అయితే నిశ్చింత. బీటర్‌దీ మీ చేతిదీ తప్పేం లేదు. అయితే ఆ ప్యాకెట్ పారెయ్యకండి, గనాష్‌కి (చాక్లెట్‌లో వేడి క్రీమ్ కలిపి చేసే పూత) పనికొస్తుంది.

మే నెలకి పాల క్రీమ్ కంటే బేకరీ సామాన్ల షాపుల్లో గడ్డకట్టించి అమ్మే నాన్ డైరీ విప్పింగ్ క్రీమ్ మేలు. రుచిలో పాల క్రీమే గెలుస్తుంది, నిలబడటంలో ఇది. చాలావాటిలో పంచదార ముందే ఉంటుంది, మళ్లీ వెయ్యొద్దు. పేరులో నాన్ డైరీ అని ఉన్నా చాలా రకాల్లో పాల ప్రొటీన్ ఉంటుంది, పాలు పడని పిల్లలెవరైనా వస్తే లేబుల్ చదవండి.

మీకు 400 మి.లీ. కావాలి. గురువారం రాత్రి ఫ్రీజర్ నుంచి కింది అరలోకి మార్చండి. గట్టు మీద కరిగించొద్దు, అంచులు వెచ్చబడి మధ్యలో ఐసు మిగిలి, కొడితే నీరు నీరుగా విడిపోతుంది. కొట్టేటప్పుడు లోపల సన్నటి ఐసు పలుకులు ఒకటీ అరా తగిలేంత చల్లగా ఉన్నా ఫరవాలేదు. స్టీలు గిన్నె, బీటర్ పుల్లలు అరగంట ఫ్రీజర్‌లో పెట్టి, ఆ గిన్నెని ఐసు నీళ్ల బేసిన్‌లో కూర్చోబెట్టండి. పని అంతా ఏసీ గదిలో, శనివారం పొద్దున్నే. స్టవ్ వెలుగుతున్న వంటింట్లో మాత్రం వద్దు.

బీటర్ తక్కువ వేగంతో మొదలుపెట్టి మధ్య వేగానికి రండి. పుల్ల ఎత్తితే కొన కొద్దిగా వంగి నిలబడాలి, పూతకి అది చాలు. నాజిల్‌తో వేసే పూలకి ఇంకో అర నిమిషం. దాటితే గరుకుగా పలుకులు తేలుతుంది, అప్పుడు కొట్టని క్రీమ్ 2 స్పూన్లు పోసి గరిటెతో మెల్లగా కలపండి, తిరిగి నునుపు వస్తుంది. అందుకే చివరిదాకా 50 మి.లీ. పక్కన ఉంచుకోవడం మంచిది.

స్పాంజిని రంపపు కత్తితో మూడు పొరలుగా కొయ్యండి. పెరుగు, నూనె కేక్ దానంతట అదే తేమగా ఉంటుంది, పొరకి 2 టేబుల్ స్పూన్ల పంచదార నీళ్లు మించితే బరువుకి జారుతుంది. ముందు పల్చటి పూత, అరగంట ఫ్రిజ్, తర్వాత అసలు పూత. పైపింగ్ బ్యాగ్ సగానికే నింపండి, అరచేతి వేడికి లోపలి క్రీమ్ జావ అవుతుంది.

ఇక హాలు. ఏసీ లేని హాల్లో సాయంత్రం 6కి 36, 37 డిగ్రీలు ఉండొచ్చు. ఫ్రిజ్ నుంచి తీసిన కేక్ అక్కడ 15, 20 నిమిషాలు బాగుంటుంది, తర్వాత పూల అంచులు మెత్తబడతాయి. కాబట్టి అందరూ చేరి, కొవ్వొత్తి చేతిలో పట్టుకున్నాకే కేక్ బయటికి రావాలి. ముందే బల్ల మీద పెట్టి ఫోటోలు తీయడం మానుకోండి, ఫోటోలన్నీ పొద్దున ఏసీ గదిలోనే. ఫ్యాన్ ఉంటే కొవ్వొత్తి ఆరుతుంది, ఆపితే మనుషులు ఉడికిపోతారు. ఆ తంటా వేరే!

ఫ్రిజ్ అర ఎత్తు ఇప్పుడే కొలవండి. 10 అంగుళాల అట్ట మీద 4 అంగుళాల కేక్, పైన పూలు, అంతా పెట్టెలో. ఉల్లిపాయ, సాంబారు గిన్నెలు పక్కన ఉంటే పెట్టె తప్పనిసరి, క్రీమ్ వాసనలు పట్టేస్తుంది.

---

నేతిగారె

వెన్నపూస గారితో ఒక్క దగ్గర విభేదిస్తాను. 37 డిగ్రీల హాల్లో 3 ఏళ్ల పిల్లల మధ్య క్రీమ్ కేకే అక్కర్లేదు. పిల్లలు ఏడుస్తారు, ఎవరో ఫోన్‌లో వీడియో కాల్ పెడతారు, ఎవరికోసమో ఆగుతారు. 20 నిమిషాలు ఎప్పుడు దాటిపోయాయో తెలీదు.

గనాష్ పల్చగా పూయండి. డార్క్ కాంపౌండ్ (కోకో బటర్ బదులు వేరే కొవ్వుతో చేసే చాక్లెట్) 300 గ్రాములు సన్నగా తరిగి, మీ దగ్గరున్న ఫ్రెష్ క్రీమ్ 100 నుంచి 120 మి.లీ. అంచుల్లో బుడగలు వచ్చేదాకా మాత్రమే వేడి చేసి పోసి, 2 నిమిషాలాగి మధ్య నుంచి తిప్పండి. చలికాలంలో అయితే రెండు వంతుల చాక్లెట్‌కి ఒక వంతు క్రీమ్ సరిపోతుంది, ఎండల్లో మూడుకి ఒకటి దగ్గరగా ఉండాలి. అసలు చాక్లెట్‌లోని కోకో బటర్ 34 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, కాంపౌండ్‌లో వాడే కొవ్వు ఇంకాస్త ఓర్చుకుంటుంది. ఈ పూత హాల్లో మెత్తబడుతుంది కానీ కారదు. వెన్న, పంచదార కొట్టి చేసే బటర్‌క్రీమ్ జోలికి మాత్రం వెళ్లకండి, ఆ వేడికి నెయ్యి తేలుతుంది.

పిల్లల కప్ కేకులకి ఏ పూతా వద్దు. పిండిలోనే టూటీ ఫ్రూటీ 80 గ్రాములు, ఒక స్పూను మైదా పట్టించి కలపండి, అడుక్కి దిగవు. సోఫాలకీ మంచిదే.

---

పటమట_అమ్మ

చాలా థాంక్స్ అండీ. అయితే కోసేది గనాష్ కేక్, పైన అంచుకి మాత్రం కాస్త గులాబీ క్రీమ్ పూలు. రంగు కోసం బీట్‌రూట్ వాడొచ్చా? కేక్ లోపల కూడా గులాబీ రంగు కావాలని పాప అడుగుతోంది. ఇంకొకటి, ఇక్కడ మధ్యాహ్నాలు కరెంటు పోతోంది. ఓవెన్ మధ్యలో ఆగిపోతే ఏం చెయ్యాలి?

---

తూకంరాళ్లు

బీట్‌రూట్ రంగు వేడికి నిలవదు, ఓవెన్‌లో గోధుమ రంగుకి తిరుగుతుంది, లోపలికి వద్దు. క్రీమ్‌లో మాత్రం బాగుంటుంది. రసం పోస్తే క్రీమ్ జారుతుంది కాబట్టి బీట్‌రూట్ పొడి 1 టీ స్పూను జల్లించి కలపండి, 150 మి.లీ. క్రీమ్‌కి లేత గులాబీ వస్తుంది. లోపల కూడా గులాబీ ఉండాలంటే జెల్ రంగు రెండు చుక్కలు. పసుపు రంగు కోసం పిండిలో పసుపు వేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, మిగిలిన సోడా తగిలిన చోటల్లా ఎర్ర మచ్చలు పడతాయి.

రంగు ఏదైనా ముందు లేతగా కలిపి గంట ఆగండి, దానంతట అదే ముదురుతుంది.

---

గుంటూరు_ఫ్యూజు

కరెంటు సంగతి. 28 లీటర్ల ఓటీజీ దాదాపు 1500 వాట్లు లాగుతుంది. ఇంట్లో ఉండే 900 వీఏ ఇన్వర్టర్ 700 వాట్ల చుట్టూ ఇస్తుంది, ఓవెన్ పెడితే ట్రిప్ అవుతుంది. బీటర్ 250, 300 వాట్లే కాబట్టి దానికి ఢోకా లేదు.

బేకింగ్ శుక్రవారం తెల్లవారుజామున 5కి మొదలుపెట్టండి. ఇల్లు చల్లగా ఉంటుంది, కోత పడే టైమూ కాదు. అయినా పోతే తలుపు తియ్యకండి. 25 నిమిషాలు దాటాక పోయినట్టయితే లోపలి వేడికే చాలామట్టుకు అయిపోతుంది, కరెంటు వచ్చాక ఇంకో 8, 10 నిమిషాలిచ్చి పుల్ల గుచ్చి చూడండి. మొదటి 10 నిమిషాల్లోనే పోయి పావుగంటలో రాకపోతే టిన్ను మూకుట్లోకి మార్చడమే దారి.

దానికోసం మందపాటి ఇనప మూకుడు, అడుగున రెండు కప్పుల రాళ్ల ఉప్పు, మీద చిన్న స్టాండు, బిగుతుగా కూర్చునే మూత. మధ్య మంట మీద 10 నిమిషాలు వేడి చేసి, టిన్ను పెట్టి, సన్న మంట మీద 45, 50 నిమిషాలు. ప్రెషర్ కుక్కర్‌లో చేసేవాళ్లు గాస్కెట్, విజిల్ తీసి చేస్తారు గానీ నీళ్లు లేకుండా అంతసేపు కాలిస్తే కుక్కర్ పాడవుతుంది, వంట చేసుకునే కుక్కర్ ఎందుకు బలి చెయ్యడం. మూకుట్లో కేక్ పైన ఎర్రబడదు. గనాష్ కింద ఎవరికీ కనపడదు లెండి.

---

కాకినాడ_నర్సు

కేక్ గురించి అందరూ చెప్పారు, పిల్లల గురించి నాలుగు మాటలు.

వేరుశెనగ పడని బాబు కోసం: నూనె పొద్దుతిరుగుడుదే వాడండి, వేరుశెనగ నూనె వద్దు. పంచదార పొడి చేసే మిక్సీ జార్‌లో పల్లీ చట్నీ రుబ్బి ఉంటే ఆ జార్ పక్కన పెట్టండి, మూత రబ్బరు సందుల్లో మిగిలే పిండే చాలు. కాంపౌండ్ అట్ట మీద 'వేరుశెనగ ఉండవచ్చు' అనే అర్థంలో ఏమైనా రాసి ఉందేమో చదవండి, ఉంటే ఆ బాబుకి పూత లేని కప్ కేకే. ఆ కప్ కేకులు వేరే డబ్బాలో, వేరే ప్లేటులో. మిక్చర్, పల్లీ పకోడీ ఆ రోజు మెనూలోనే ఉండకపోతే అందరికీ నిశ్చింత. ఆ బాబుకి రియాక్షన్ వస్తే ఏం మందు ఇవ్వాలో, అది ఎవరి దగ్గర ఉంటుందో వాళ్లమ్మని ముందే అడగండి.

ఐదేళ్ల లోపు పిల్లలకి గింజలు, బాదం, జీడిపప్పు అలాగే పెట్టకూడదు, గొంతుకి అడ్డం పడతాయి. ద్రాక్ష అయితే నిలువుగా నాలుగు ముక్కలు చెయ్యండి. కేక్ మీద చల్లే వెండి గుండ్లు, పాప్‌కార్న్, ఒక్క గుక్కలో మింగే చిన్న జెల్లీ కప్పులు కూడా అంతే. పూలు, బొమ్మలు నిలబెట్టడానికి టూత్‌పిక్‌లు గుచ్చకండి, స్ట్రా ముక్క వాడండి. ఎన్ని గుచ్చారో లెక్క ఉండాలి, కోసే ముందు అన్నీ బయటికి రావాలి.

పాట పాడే కొవ్వొత్తిలో బటన్ బ్యాటరీ ఉంటుంది. అది మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవడం మొదలవుతుంది. ఆ కొవ్వొత్తి కొనకండి, ఎవరైనా తెస్తే వెలిగించాక వెంటనే పైన అల్మారాలో పెట్టెయ్యండి. కొవ్వొత్తి వెలుగుతుండగా నురగ స్ప్రేలు కొట్టొద్దు, అవి అంటుకుంటాయి. గ్యాస్ బెలూన్లలో మన దగ్గర హీలియం బదులు హైడ్రోజన్ నింపడం మామూలైపోయింది, వాటిని మంట దగ్గరికి రానివ్వద్దు. నోటితో ఊదిన బెలూన్లు చాలు. పగిలిన ముక్కలు మాత్రం వెంటనే ఏరెయ్యాలి.

రంగులు: మన దేశంలో తినే పదార్థాల్లో వాడటానికి 8 కృత్రిమ రంగులకే అనుమతి ఉంది. ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబరు, రంగు పేరు ఉన్న సీసాయే కొనండి, కాగితం పొట్లాల్లో అమ్మే రంగు వద్దు. 2024లో తమిళనాడులో పీచుమిఠాయి నిషేధించింది అలాంటి పొట్లాల్లో దొరికే రోడమిన్-బి అనే బట్టల రంగు వల్లే.

తల్లులతో ఏడాది లోపు పసివాళ్లు వస్తే తేనె కలిపినదేదీ నాకించొద్దు. పెద్దవాళ్లు ముద్దుకొద్దీ వేలితో పెడుతుంటారు, వాళ్లకి ముందే చెప్పి ఉంచండి.

ఇంకో మాట, 6కి కేక్ అంటే 5:15కే పిల్లలకి చిట్టి ఇడ్లీలో, పెరుగన్నమో పెట్టెయ్యండి. ఖాళీ కడుపున కేక్ తిన్న పిల్లలు రాత్రి భోజనం ముట్టరు.

---

వెన్నపూస

నేతిగారె గారి గనాష్‌కి నాకు అభ్యంతరం లేదు. అయితే గనాష్ శుక్రవారం రాత్రే చేసి, గది వేడిలో 3, 4 గంటలు చిక్కబడ్డాక పూయండి. ఫ్రిజ్‌లో పెట్టి గట్టిపరిస్తే మళ్లీ కరిగించేటప్పుడు నూనె విడిపోవచ్చు. విడిపోయిందంటే గోరువెచ్చటి పాలు ఒక్కో టీ స్పూను చొప్పున వేస్తూ మధ్యలో చిన్న వలయంగా తిప్పుతూ పొండి, కలుస్తుంది.

క్రీమ్ పూలు గనాష్ చల్లారి గట్టిపడ్డాకే, శనివారం పొద్దున. అంచు పూలకే అయితే క్రీమ్ 400 అక్కర్లేదు, 150 చాలు. కోసేటప్పుడు కత్తిని వేడి నీళ్లలో ముంచి, తుడిచి కొయ్యండి, ప్రతి ముక్కకీ.

మిగిలిన ముక్కలు ఆ ఎండలో గంటకి మించి బల్ల మీద ఉంచొద్దు. ఫ్రిజ్‌లో అయితే రెండు రోజులు.